ఒక దోమకు ఒక అణా

1897 ఆగస్టు. సికింద్రాబాద్ బేగంపేటలో రొనాల్డ్ రాస్ మలేరియా గుట్టు విప్పే పనిలో ఉన్నాడు. హుసేన్ ఖాన్ అనే జ్వరపీడితుడు ఆయన వదిలిన దోమలతో కుట్టించుకున్నాడు. కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా ఇచ్చారు. ఆ దోమల పొట్టలోనే మలేరియా క్రిమి దొరికింది. 1902లో రాస్‌కు నోబెల్ వచ్చింది. హుసేన్ ఖాన్‌కు పుస్తకాల్లో పేరు మిగిలింది. నన్నడిగితే ఈ నేల మీద వైద్య పరిశోధనకు అందిన స్టైపెండుల్లో పాతది ఆ అణాయే.

వికారాబాద్ జిల్లా దౌల్తాబాద్ కథను బేగంపేటలో మొదలుపెట్టడానికి కారణం ఉంది. మన జొన్నరొట్టె కూడా అలాగే పరిశోధనకెక్కింది. మెడ చుట్టూ, ముంజేతుల మీద చర్మం నల్లబడి పగిలే పెల్లాగ్రా జబ్బు మక్కలు తినేవాళ్లకే వస్తుందని చాలాకాలం అనుకునేవారు. దక్కన్‌లో జొన్నల మీదే బతికే పేదల్లోనూ అది ఉంది. జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ అనే అమైనో ఆమ్లం దానికి కారణం కావచ్చని హైదరాబాద్‌లో పనిచేసిన సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా 1960లో లాన్సెట్ పత్రికలో రాశారు. ఆ తర్వాత 1987-90 మధ్య హైదరాబాద్ చుట్టుపక్కల 29 ఊళ్లలో గర్భిణులకూ పసిపిల్లలకూ అదనపు ఆహారం ఇస్తే ఏమవుతుందో చూశారు. ఆ పిల్లలు పెద్దవాళ్లయ్యాక కూడా వాళ్ల గుండెనూ ఎముకలనూ కొలుస్తూ వచ్చారు. అవన్నీ విలువైన పనులే. నెత్తురిచ్చింది, తూకం యంత్రం మీద నిలబడింది మనవాళ్లు. సూక్ష్మదర్శినికి అవతల కూర్చున్నవాళ్లు మాత్రం ఎక్కడెక్కడి నుంచో వచ్చారు.

దౌల్తాబాద్ కర్ణాటక సరిహద్దుకు దగ్గర. 2016 దాకా మహబూబ్‌నగర్ జిల్లా, ఆ తర్వాత వికారాబాద్. కంది, జొన్న, పత్తి చేన్లు, తండాలు, బొంబాయికీ పుణెకీ వలసపోయే కుటుంబాలు. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2024 నవంబరులో దౌల్తాబాద్ ఉన్న కొడంగల్ నియోజకవర్గంలోనే దుద్యాల మండలం లగచర్లలో ఔషధ పరిశ్రమలకు భూములు అడిగినప్పుడు రేగిన గొడవ అందరికీ తెలుసు. నెల తిరక్కముందే సర్కారు ఆ నోటిఫికేషన్‌ను వెనక్కి తీసుకుంది. మందుల పరిశ్రమ కళ్లకు ఇక్కడ ముందు కనబడింది భూమి.

పిల్లలు ఎప్పుడు కనబడతారు?

గురుకులంలో బైపీసీ చదివి, ఇంట్లో మొదటిసారి డిగ్రీ గడప తొక్కే ఒక తండా అమ్మాయిని ఊహించుకోండి. నీట్‌లో సీటు వస్తే డాక్టరు, లేకపోతే నర్సింగో బీఎస్సీనో. వికారాబాద్‌లో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది, కొడంగల్‌కూ మంజూరైంది. సంతోషమే. కానీ పరిశోధన అనే నాలుగో దారి ఉందని ఆమెకు చెప్పేవాళ్లెవరు? చెప్పినా ఇంట్లో అమ్మ అడిగేది ఒక్కటే: "గిన్నేండ్లు సదివినంక గూడ కొలువు రాదా బిడ్డా?"

ఈ ప్రశ్నకు సర్కారు దగ్గర జవాబు లేకపోలేదు. అది ఆలస్యంగా వస్తుంది, అంతే. ఎస్సీ పరిశోధకులకు జాతీయ ఫెలోషిప్ ఏటా 2,000 మందికి, ఎస్టీలకు 750 మందికి ఇవ్వాలి. 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆ తర్వాత 42,000. తక్కువేం కాదు. అయితే అది పీజీ దాటి పీహెచ్‌డీలో చేరినవాళ్లకు. జల్లెడ మాత్రం పదిహేడేళ్లకే పట్టేస్తారు. ప్రయోగశాల మొహం చూడాల్సింది డిగ్రీ మొదటి వేసవిలో. వైద్య విద్యార్థులకు ఐసీఎంఆర్ 1979 నుంచి రెండు నెలల వేసవి పరిశోధనకు స్టైపెండు ఇస్తోంది. ఎంబీబీఎస్, బీడీఎస్ చదివేవాళ్లకే అది. బీఎస్సీ అమ్మాయికి దక్కదు. దక్కినవాళ్లయినా ముందు సొంత డబ్బు పెట్టుకుని పని ముగించాలి, నివేదిక ఆమోదం పొందాక గానీ డబ్బు రాదు. మొదలు అప్పు పుట్టే ఇంటివాళ్లకే ఈ పథకం అని ఎక్కడా రాయలేదు, రాయనక్కర్లేదు కూడా.

ఇచ్చే డబ్బయినా టైముకు రావాలి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో లైఫ్ సైన్సెస్‌లో పరిశోధన మొదలుపెట్టి తర్వాత సామాజిక శాస్త్రాలకు మారిన రోహిత్ వేముల 2016 జనవరిలో చనిపోయేనాటికి ఆయనకు ఏడు నెలల ఫెలోషిప్, 1.75 లక్షలు, రావాల్సి ఉంది. 2025 జూలైలో ఎస్సీ తదితర వర్గాల విదేశీ విద్యా స్కాలర్‌షిప్‌కు ఎంపికైన 106 మందిలో మొదట 40 మందికే ఉత్తర్వులందాయి. మిగిలినవాళ్లకు నిధులుంటే చూస్తామన్నారు. మైనారిటీ పరిశోధకుల మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను 2022లోనే ఆపేశారు. అమెరికాలోనూ 1970ల నుంచి వెనుకబడిన వర్గాల విద్యార్థులను పరిశోధనకు తయారుచేస్తున్న శిక్షణ పథకాలను 2025లో ఎత్తేశారు. మనకు సాకు దొరికినట్టయింది.

డబ్బు సమయానికి అందితే ఏమవుతుందో తెలుగువాళ్లకు తెలియంది కాదు. 1920ల్లో భీమవరం యువకుడు యల్లాప్రగడ సుబ్బారావు బోస్టన్ చేరింది కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ట్రస్టు ఇచ్చిన హామీతోనూ మామగారి డబ్బుతోనూ. హార్వర్డ్‌లో స్కాలర్‌షిప్ దొరక్క రాత్రిళ్లు ఆసుపత్రిలో కూలిపని చేశాడు. ఆ చేతుల్లోంచే కణానికి శక్తినిచ్చే ఏటీపీ గురించిన పరిశోధనా, బోదకాలు మందు హెట్రజానూ వచ్చాయి. సుబ్బారావుకు లేనిది డబ్బే. మద్రాసు దాకా చదివించిన ఇల్లు ఉంది. తండా అమ్మాయికి ఆ రెండోది కూడా మనమే సమకూర్చాలి.

దౌల్తాబాద్ పిల్ల ప్రయోగశాలకు చేరితే ఏం అడుగుతుంది? తాండూరు నాపరాయి పాలిష్ దుమ్ము ఊపిరితిత్తుల్లో ఏం చేస్తుందని అడగొచ్చు. కంది చేలో మందు కొట్టే నాయన చేతులు ఎందుకు వణుకుతున్నాయని అడగొచ్చు. అనంతగిరి గుట్ట మీది పాత క్షయ ఆసుపత్రికి తమ ఊరి నుంచి ఎంతమంది వెళ్లారో లెక్క తీయొచ్చు. ఆ ప్రశ్నలు హైదరాబాద్ తార్నాకలోని పరిశోధనాలయాల్లో పుట్టవు.

తార్నాక పెద్ద దూరమేమీ కాదు. తాండూరులో రైలెక్కితే సగం పూట. హాస్టలు గదికీ భోజనానికీ రెండు నెలలకు అయ్యే ఖర్చు ఎవరైనా లెక్కగట్టగలరు. లెక్కకు రానిది ఇంకొకటుంది. పట్నంలో వేసవి ఇంటర్న్‌షిప్పులు నడిచేది మే, జూన్‌లో. వలసపోయినవాళ్లు తిరిగొచ్చి, తొలకరికి చేను సిద్ధం చేసి విత్తనం పెట్టేది కూడా అప్పుడే. ఇంటికి ఒక చెయ్యి తగ్గుతుంది. ఆ చేతికి బదులు పెట్టుకునే కూలికి ఎంతవుతుందో రాయడానికి ఏ ఫెలోషిప్ దరఖాస్తులోనూ గడి లేదు.