పాత కత్తిపై ముద్ర ఏమి చెబుతుంది?

అబిడ్స్ ప్రాంతంలోని పాత వస్తువుల దుకాణంలో కనిపించే బాకు కావచ్చు, తాతల నాటి నుంచి ఇంటి పెట్టెలో పడివున్న ఖంజరు కావచ్చు - దాని అలుగుపై నాలుగు అక్షరాలుంటే చాలు, “ఇది ఇస్ఫహానుది” అని తేల్చివేయడం పరిపాటి. ధర కూడా ఆ మాట మీదనే పలుకుతుంది. కాని ముద్ర ఒక సాక్ష్యం మాత్రమే. దానిని ఎవరు వేశారు, ఎప్పుడు వేశారు, ఏ సంగతి చెప్పడానికి వేశారు అన్న మూడు ప్రశ్నలు అడిగిన తర్వాతనే ఆ సాక్ష్యాన్ని స్వీకరించాలి.

మొదటిది పనివాని పేరు. పార్సీలో “అమలె ఫలానా” అని ఉంటే “ఫలానావాని పనితనం” అని అర్థం. ఇలాంటి పేర్లలో మిక్కిలి ప్రసిద్ధమైనది అసదుల్లా ఇస్ఫహానీ. ఇతడు ఇరాన్ పాలకుడు షా అబ్బాస్ (1588-1629) కాలంవాడని ప్రతీతి. అయితే ఈ పేరు వేర్వేరు శతాబ్దాల కత్తులపైనా, హిందూదేశంలో తయారైనవాటిపైనా కనిపిస్తుంది. కనుక దానిని సంతకంగా గాక, మేలిరకమని చాటే గుర్తుగా భావించడమే క్షేమం.

ఇక్కడ తెలుగు పాఠకులు గమనించదగిన విశేషం ఒకటుంది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసలలో కరగించి తీసిన ఉక్కును కొనడానికి ఇస్ఫహాను వర్తకుడు అక్కడికి వచ్చేవాడని 1820ల ప్రాంతంలో ఆ పనిని స్వయంగా చూసిన డాక్టర్ వాయిసీ వ్రాశాడు. అంటే అలుగుపై పేరు ఇస్ఫహానుదైనా, అందులోని ఉక్కు తెలంగాణా కొలిమిది కావచ్చు. నీటి అలల వంటి చారలు, అంటే జౌహర్, ఉక్కు రకాన్ని తెలుపుతాయి. కత్తిని సాగగొట్టిన ఊరిని తెలుపవు.

రెండవది యజమాని ముద్ర. ఆదోని కోట 1689లో మొగలుల వశమైనప్పుడు, బికనీరు రాజు అనూప్‌సింగ్ అక్కడి ఆయుధాలను తన ఆయుధాగారానికి తరలించాడు. వాటిలో కొన్నింటిపై ఆ సంగతిని చుక్కలతో పొడిచిన నాగరి అక్షరాలలో వ్రాయించారు. ఆ నాగరి లిపిని చూసి కటారి రాజస్థానులో తయారైందనుకుంటే పొరపాటే. అది పుట్టిన చోటును గాక, చేతులు మారిన వైనాన్ని చెబుతుంది.

మూడవది ధార్మిక వాక్యం. అల్లాహ్ సహాయాన్ని, సమీప విజయాన్ని గురించిన సఫ్ సూరాలోని 13వ ఆయతును ఇరాన్‌లోను, తుర్కీలోను, దక్కనులోను ఆయుధాలపై చెక్కేవారు. కనుక దానిని బట్టి దేశాన్ని నిర్ణయించలేము. లిపి నస్తాలీఖ్ అయితే ఇరాన్ వైపో హిందూదేశం వైపో మొగ్గు చూపవచ్చు, అంతకుమించి అనరాదు.

నాలుగవది సంవత్సరం. 1310 అని ఉందనుకొందాం. అది హిజ్రీ అయితే క్రీ.శ. 1892-93. నిజాం రాజ్యంలో వాడిన ఫస్లీ అయితే సుమారు 590 కలపాలి. అప్పుడది 1900-01 అవుతుంది. అంకె పక్కన ‘హే’ ఉంటే హిజ్రీ, ‘ఫే’ ఉంటే ఫస్లీ. అది తయారైన సంవత్సరమో, బహూకరించిన సంవత్సరమో కూడా విచారించాలి.

ఇంగ్లీషు అక్షరాలున్న కత్తుల సంగతి కొంత సులభం. “మేడ్ ఇన్ జర్మనీ” అనే ముద్ర బ్రిటిషు ప్రభుత్వం 1887లో చేసిన చట్టం తర్వాత వ్యాపించింది. కాబట్టి ఆ ముద్రగల కత్తిని అంతకు పూర్వపుదని అమ్మజూపితే నమ్మరాదు.

ముద్ర చదవడానికి ముందు కత్తిని చింతపండుతోను, ఇసుకతోను తోమరాదు. పలుచని బంగారు పూత, చుక్కల వ్రాత ఒక్కసారి పోతే తిరిగి రావు. ఏటవాలుగా వెలుతురు పడేటట్లు పట్టి, ఫోటో తీసి, పిడిని, ఒరను, అలుగును వేర్వేరుగా పరీక్షించాలి. పాత అలుగుకు కొత్త పిడి వేయడం సాధారణమే. నాంపల్లి బాగె ఆంలోని రాష్ట్ర మ్యూజియం, మూసీ ఒడ్డునగల సాలార్‌జంగ్ మ్యూజియం వెళ్ళి నిర్ణయమైన వస్తువులతో పోల్చి చూడడం మేలు. నూరేళ్ళు దాటిన ఇలాంటి వస్తువు 1972 నాటి పురావస్తు చట్టం పరిధిలోకి వస్తుంది. దానిని ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపరాదు.

అమ్మేవారైనా, కొనేవారైనా, వారసులకు అప్పగించేవారైనా ముద్రలో ఉన్నంతే చెప్పాలి. “ఇస్ఫహాను కత్తి” అనడానికి బదులు “ఇస్ఫహాను పేరుగల కత్తి” అంటే ధర కొంత తగ్గవచ్చు. కాని కొన్నవాడు మోసపోడు, చరిత్రా చెడదు.