ఎలుక ముక్కులో మెరిసింది ఆ గ్రాహకమేనా?

ఎదురుపడింది మగదా ఆడదా, తన గూటిదా పరాయిదా అన్నది చిట్టెలుక చాలావరకు వాసన పట్టే తేల్చుకుంటుంది. ఇందుకు దాని ముక్కు దూలం అడుగున, రెండు పక్కలా ఒక్కో సన్నని గొట్టం ఉంది. 1813లో దీన్ని వర్ణించిన లుడ్విగ్ జాకబ్సన్ పేరుతోనే దాన్ని జాకబ్సన్ అవయవం అంటారు. అక్కడి న్యూరాన్ల మీద ఉండి, ఇలాంటి కబురు మోసే రసాయనమైన ఫెరోమోన్‌ని పట్టుకునే ప్రోటీన్లే గ్రాహకాలు. వీ1ఆర్ అనే మొదటి కుటుంబం జన్యువులను 1995లో కేథరిన్ డ్యులాక్, రిచర్డ్ యాక్సెల్ కనుగొన్నారు. రెండేళ్లకు వీ2ఆర్ కుటుంబం బయటపడింది. ఆ గ్రాహకాలు ముక్కులో ఎక్కడున్నాయో చూడటానికి, వాటికి అంటుకునే యాంటీబాడీలను తయారుచేస్తారు.

జన్యువులే దొరికాక యాంటీబాడీ ఎందుకు?

ఒక కణంలో ఫలానా గ్రాహకం ఆర్ఎన్ఏ కనబడితే, దాన్ని తయారుచేసే ఆదేశం అందిందని అర్థం. ప్రోటీన్ నిజంగా తయారైందా, కణంలో ఎక్కడికి చేరింది అన్నది ఆర్ఎన్ఏ చెప్పలేదు. ఫెరోమోన్ తగిలేది న్యూరాన్ కొసన, గొట్టం లోపలికి నిక్కిన అతి సూక్ష్మమైన పోగుల దగ్గర. గ్రాహకం అక్కడికి చేరితేనే దానికి పని. యాంటీబాడీ పట్టుకునేది ప్రోటీన్‌నే కాబట్టి ఆ చోటు చూపగలదు. 2001లో ఇటలీలోని టిరిండెల్లి బృందం వీ2ఆర్2 అనే గ్రాహకానికి యాంటీబాడీలు తయారుచేసి చూస్తే, ఇతర వీ2ఆర్‌లు ఉన్న న్యూరాన్లలోనే అదీ కనిపించింది. ఒక్కో న్యూరాన్‌కి ఒక్కటే గ్రాహకం అన్న లెక్క అక్కడ కుదరలేదు. నాకు ఈ పనిముట్టు మీద గౌరవం పుట్టించిన ఫలితం అదే.

యాంటీబాడీని ఎలా తయారుచేస్తారు?

కణపు పొరలో ఏడుసార్లు అటూ ఇటూ దూరి ఉండే ఈ గ్రాహకాన్ని చెక్కుచెదరకుండా బయటికి తీయడం కష్టం. అందుకని దానికే ప్రత్యేకమైన పది పదిహేను అమైనో ఆమ్లాల ముక్కను ఎంచుకుని ల్యాబ్‌లో తయారుచేస్తారు. అంత చిన్న ముక్కను ఒంటరిగా ఎక్కిస్తే శరీరం సరిగా పట్టించుకోదు. పెద్ద ప్రోటీన్‌కి అతికించి కుందేలుకి ఇంజెక్షన్ చేస్తారు, కొన్ని వారాల తేడాతో మళ్లీ మళ్లీ ఇస్తారు. తర్వాత దాని రక్తం తీసి, అందులోంచి ఆ ముక్కను పట్టుకునే యాంటీబాడీలను ఏరుతారు. ఎలుక ముక్కును అడ్డంగా పలుచగా కోసి, ఆ యాంటీబాడీలను వేసి, కడుగుతారు. కుందేలు యాంటీబాడీని గుర్తుపట్టే మరో యాంటీబాడీకి మెరిసే రంగు తగిలించి ఆపైన వేస్తారు. అన్నీ కుదిరితే సూక్ష్మదర్శినిలో న్యూరాన్ల పొర నెలవంకలా వంగి కనబడుతుంది, దాని లోపలి అంచు వెంట సన్నని గీత వెలుగుతుంది.

ఆ వెలుగు ఆ గ్రాహకానిదేనని ఎలా నమ్మాలి?

కష్టమంతా ఇక్కడే. చిట్టెలుకలో ఈ రెండు కుటుంబాల జన్యువులు వందల్లో ఉన్నాయి, కొన్ని అచ్చం కవల పిల్లల్లా ఉంటాయి. యాంటీబాడీని ముందుగా ఆ ముక్కతోనే కలిపి వేస్తే వెలుగు పోయిందని కొందరు రుజువు చూపుతారు. అది చాలదు. యాంటీబాడీ ముక్కను పట్టుకుంటుందని తెలుస్తుందే గాని, కణజాలంలో పట్టుకున్నది ఆ గ్రాహకాన్నేనని తేలదు. ఆ జన్యువు తొలగించిన ఎలుకలోనూ అదే గీత వెలిగితే ఆ యాంటీబాడీని పక్కన పెట్టాల్సిందే. చీకటిగా ఉంటే నమ్మకం కుదురుతుంది. దగ్గరి బంధువుల సంగతి తేల్చడానికి, ఒక్కో గ్రాహకాన్ని విడివిడిగా పెంపకపు కణాల్లో తయారుచేయించి, వేటికి అంటుకుంటుందో, వేటికి అంటుకోదో చూస్తారు.