చిటుక రోగమునకు టీకా: విషమునే రక్షగా మార్చిన విధము

తొలకరి వానలకు బీళ్ళు పచ్చబడి, వేసవియంతయు ఎండుగడ్డియు తుమ్మకాయలును తిని బక్కచిక్కిన మంద ఆ లేతమేతపై ఒక్కపెట్టున పడునప్పుడు, గొల్లలకును కురుమలకును సంతోషముతోపాటు ఒక భయముకూడ కలుగుచుండును. రాత్రి దొడ్డిలో నెమరువేయుచు పండుకొనిన బలిసిన పిల్ల, తెల్లవారునప్పటికి కాళ్ళు బిగదన్ని, మెడ వెనుకకు వంచి చచ్చిపడియుండును. మందలోని బక్కవియు జబ్బువియు నిలిచియుండగా, అన్నిటికంటె చక్కగా మేసి పెరిగినదే ముందు పోవును. దిష్టి తగిలినదని ఎవరైన ననుకొన్నచో తప్పుపట్టజాలము. మన పల్లెలలో దీనిని చిటుక రోగమందురు. 2019 పశుగణన ప్రకారము తెలంగాణమున సుమారు 1.9 కోట్లును, ఆంధ్రప్రదేశమున సుమారు 1.76 కోట్లును గొర్రెలున్నవి కనుక, ఈ రోగమును గూర్చిన శాస్త్రము మనకు దూరపు ముచ్చట కాదు.

దీనికి మూలమైన సూక్ష్మజీవి పేరు క్లాస్ట్రీడియం పెర్‌ఫ్రింజెన్స్. అందులోను డి రకము. ఇది బయటినుండి దండెత్తి వచ్చిన శత్రువు కాదు. ఆరోగ్యముగానున్న గొర్రె ప్రేగులలోనే స్వల్పసంఖ్యలో కాపురముండి, ఏ హానియు చేయక కాలము గడుపుచుండును. అలవాటులేని లేతగడ్డిగాని, ధాన్యముగాని ఒక్కసారిగా కడుపునిండ పడినప్పుడు, పూర్తిగా జీర్ణముకాని పిండిపదార్థము చిన్నప్రేగులోనికి జారును. గాలి సోకని ఆ చోట, ఆ సమృద్ధియైన ఆహారముతో, ఈ జీవి గంటలలో లెక్కకు మిక్కిలిగా పెరిగి, ఎప్సిలాన్ అనబడు విషమును విడుచును. ఇందులో ఒక చిత్రమున్నది. ఆ విషము పుట్టునప్పుడు దాదాపు నిర్వీర్యము. గొర్రె తన మేతను అరిగించుకొనుటకై స్రవించు ట్రిప్సిన్ అను జీర్ణరసమే దాని కొసను కత్తిరించి, దానికి ప్రాణాంతకమైన శక్తిని కలిగించును. పిమ్మట నది రక్తములో కలిసి, సన్నని రక్తనాళముల గోడలను చెరచి, మెదడును మూత్రపిండములను దెబ్బతీయును. చచ్చిన గొర్రెను కోసి చూచిన పశువైద్యునికి గుండెచుట్టునున్న పొరలో లేతపసుపు నీరు కనబడును. మూత్రములో చక్కెర తేలును. మూత్రపిండము కొంతసేపటికే మిగుల మాగిన సపోటాపండువలె వ్రేళ్ళమధ్య నలిగిపోవును.

ఇట్టి రోగమునకు టీకా యెట్లు చేయవలయును? 1881 మే నెలలో ఫ్రాన్సు దేశమున, మెలున్ నగర సమీపమునందలి పుయ్యీ-లె-ఫోర్ గ్రామములో లూయీ పాశ్చర్ చేసిన ప్రదర్శన జగత్ప్రసిద్ధము. బలహీనపరచిన దొమ్మరోగ సూక్ష్మజీవులను రెండుమారులు ఎక్కించిన గొర్రెలు నిలిచియుండగా, టీకా లేనివి, పిమ్మట అన్నిటికిని ఎక్కించిన ఉగ్రజీవికి తాళలేక, జూన్ 2వ తేదీన సందర్శకులు వచ్చునప్పటికే చాలవరకు చచ్చిపడియుండినవి. కాని దొమ్మజీవి రక్తములోనికి చొచ్చుకొనిపోయి, అచటనే పెరుగునది; దానిని ఎదుర్కొనుటకు రక్తమును సిద్ధపరచిన చాలును. చిటుక జీవియో ప్రేగు విడిచి రాదు. వచ్చునది దాని విషము మాత్రమే. కావున ఇచట టీకాకు గురి జీవి కాదు, విషము. ఈ భేదమును గ్రహించుటయే ఈ కథలో సగముపైగా పని యని నా అభిప్రాయము.

మార్గము మాత్రము మనుష్యవైద్యమునుండి వచ్చినది. పాశ్చర్ సంస్థలో గాస్టన్ రామోన్ 1923లో, గొంతువ్యాధియైన డిఫ్తీరియా విషమునకు ఫార్మలిన్ చేర్చి వెచ్చగానుంచినచో, దాని చంపుగుణము పోయి, శరీరమునకు రక్షణ నేర్పు గుణము మాత్రము మిగులునని చూపెను. 1926లో ఇంగ్లండులో గ్లెన్నీ అను శాస్త్రజ్ఞుడు దానిని పటికతో అవక్షేపించినచో ఫలము మరింత హెచ్చునని కనుగొనెను. పశ్చిమ ఆస్ట్రేలియాలో బెనెట్స్ అను పశువైద్య శాస్త్రజ్ఞుడు అచటి గొర్రెల ఆకస్మిక మరణములకు ఈ ప్రేగువిషమే కారణమని 1932లో ప్రకటించెను. ఈ మూడును కలిసినచోట నేటి టీకా పుట్టినది.

తయారీశాలలో జరుగు పని వినుటకు సులభము. మాంసరసమువంటి పోషకద్రవములో, గాలి చొరకుండ మూసిన పెద్దపాత్రలలో జీవిని పెంచుదురు. విషము తగినంత పుట్టినదో లేదో తెలిసికొనుటకు చిటికెడు ద్రవమును ట్రిప్సిన్‌తో మేల్కొలిపి ఎలుకలకు ఎక్కించి, ఎంత స్వల్పమాత్ర వాని ప్రాణము తీయునో కొలుచుదురు. ఎలుక చావనిచో ఆ పాత్ర వృథా. తరువాత ఫార్మలిన్ చేర్చి, దినములకొలది వెచ్చగానుంచి, మరల ఎలుకలకే ఎక్కించుదురు. ఈమారు ఒక్కటియైనను చావరాదు. ఫార్మలిన్ తక్కువైనచో టీకాయే విషమగును, ఎక్కువైనచో విషముయొక్క ఆకృతియే చెడి శరీరము దానిని గుర్తింపజాలదు. ఆ నడిమి సన్నని దారిలో నడచుటయే నేర్పరితనము. చివరకు కుందేళ్ళకు ఇచ్చి, వాని రక్తములో ప్రతివిషమెంత పుట్టెనో చూతురు. ఐరోపా ఔషధ ప్రమాణ గ్రంథము మిల్లీలీటరుకు 5 అంతర్జాతీయ యూనిట్లకు తగ్గరాదని విధించినది. మద్రాసు రాజధాని కాలమున 1932లో నెలకొన్న రాణీపేట సంస్థయు, హైదరాబాదు శాంతినగరునందలి పశుజైవిక పరిశోధనా సంస్థయు మన ప్రాంతపు మందలకు టీకాలు చేసిన పేరుగల చోట్లు.

టీకా వేయు కాలము తొలకరికి ముందు. రోగము కనబడిన పిదప సూదిమందుకై పరుగెత్తుట నిష్ఫలము; రక్షణ పుట్టుటకు వారములు పట్టును, చావునకు గంటలు చాలును. మొదటిమారు వేసిన పిల్లలకు రెండు మూడు వారములలో రెండవ మోతాదు తప్పక పడవలయును. ఒక్కసారి సూది వేయించి 'అయిపోయినది గదా' యని చేతులు దులుపుకొను ఆచారము నష్టమునకు పెద్ద కారణము. సూడిగొర్రెలకు ఈతకు నాలుగు నుండి ఆరు వారములకు ముందు వేసినచో, వాని ముర్రుపాలద్వారా ప్రతివిషము పిల్లకు చేరి, దాని తొలినెలలను కాపాడును. మంచులో గడ్డకట్టిన సీసాను కరిగించి వాడరాదు. పటికతో చేసిన మందు గడ్డకట్టినచో దాని శక్తి పోవును.

ఇంతవరకు చెప్పినది గొర్రెలకు చక్కగా వర్తించును. మేకల విషయమున కథ చిక్కుపడినది. మేకలో ఈ విషము రక్తములో కలియుటయేగాక, పెద్దప్రేగు పొరనే కాల్చి, రక్తముతో కూడిన విరేచనములు కలిగించును. టీకావలన పుట్టిన ప్రతివిషము కాపుండునది రక్తములో, గాయమగునది ప్రేగులో. పైగా మేకల రక్తములో ఆ ప్రతివిషము త్వరగా తగ్గిపోవును. అందుచేత గొర్రెకు ఏటికొకసారి చాలుచోట, మేకలకు మూడు నాలుగు నెలలకొకమారు వేయవలయునని పలువురు పశువైద్యులు చెప్పుదురు. ఫార్మలిన్‌తో పనిలేని మార్గముకూడ ఒకటి తెరచుకొన్నది: బ్రిటన్ పరిశోధకులు 1998లో, ఎప్సిలాన్ విషపు గొలుసులో 106వ స్థానమందలి ఒక్క అమైనో ఆమ్లమును మార్చి, చంపుగుణము లేకుండ రక్షణ నేర్పు రూపమును సృష్టించిరి. అదియు రక్తముద్వారా కాపాడు పద్ధతియే. కావున మేకలు పెంచువారు సూదిమందుతోపాటు మేతనుగూడ కనిపెట్టి యుండవలయును: కోతలైన మళ్ళలో రాలిన గింజలమీదికి ఆకలిగొన్న మందను తోలక, ముందు ఎండుగడ్డి వేసి, క్రొత్తమేతకు వారము పదిదినములలో మెల్లమెల్లగా అలవాటు చేయవలయును.