పట్టు పవిత్రత - పురుగు ప్రాణము

బరంపురమును పట్టునగరమని లోకము పిలుచుచున్నది. గంజాము సీమ 1936వ సంవత్సరము ఏప్రిలు 1వ తేదీన మద్రాసు రాజధానినుండి విడివడి ఒరిస్సాలో చేరెను. సరిహద్దు మారినను మగ్గము మారలేదు. పూర్వము ఆంధ్రదేశమునుండి వలసపోయిన తెలుగు నేతగాండ్ర సంతతివారు నేటికిని అచ్చట పట్టు నేయుచున్నారు. గోపురపు మొనలవంటి అంచుగల వారి చీరయు, పురుషులు ధరించు జోడును 2012లో భౌగోళిక గుర్తింపు పొందినవి. నూలుబట్ట దినదినము తడిపి ఆరవేసినగాని మడికి పనికిరాదు; పట్టుబట్టకు ఆ నిర్బంధము లేదని మన యిండ్ల ఆచారము. ఈ పవిత్రత ఏ ప్రాణివలన, ఏ విధమున లభించుచున్నదో విచారించువారు మాత్రము అరుదు.

పట్టుపురుగు ఒక జాతి చిలుకయొక్క బాల్యదశ. 1669లో ఇటలీదేశపు వైద్యుడు మాల్పీగీ దీని దేహమును కోసి పరీక్షించి ఒక గ్రంథము ప్రకటించెను. ఒక కీటకముయొక్క అంతర్నిర్మాణమును సవిస్తరముగా వర్ణించిన గ్రంథములలో అదియే మొదటిది. ఈ ప్రాణికి ఊపిరితిత్తులు లేవు. ప్రక్కలనున్న తొమ్మిది జతల రంధ్రములనుండి సన్నని గొట్టములు దేహమంతటికి గాలిని కొనిపోవును. గుండె వీపు పొడవున సాగిన యొక నాళము. కడుపున కిరుప్రక్కల మడతలుపడియున్న రెండు గ్రంథులలో పట్టు ద్రవరూపమున నుండి, క్రింది పెదవియందలి సూక్ష్మరంధ్రమున వెలువడి దారమగును. 1758లో లిన్నేయసు దీనికి శాస్త్రనామ మొసగెను. వర్తకుడు అన్నింటిని పట్టనియే అమ్మును గాని, శాస్త్రము మల్బరీ పట్టుపురుగును ఒక కుటుంబమునను, దసలి పురుగును ఆముదపాకు తిను ఏరీ పురుగును వేరొక కుటుంబమునను చేర్చినది.

మల్బరీ పురుగు సుమారు నాలుగు వారములు ఆకు మేసి, నాలుగుమారులు కుబుసము విడిచి, పిమ్మట తలను ఎనిమిది అంకెవలె త్రిప్పుచు రెండు మూడు దినములలో గూడు కట్టును. ఆ యొక్క దారమే వేయి మీటరులకు మించవచ్చును. చిలుక వెలువడునపుడు ఒక రసము విడిచి గూటికొనను మెత్తపరచి దారి చేసికొనును. దానితో దారము ఖండఖండములగును. కావున అంతకు మునుపే గూళ్లను ఆవిరియందో వేడిగాలియందో ఉంచి లోని ప్రాణిని చంపుదురు. ఒక కిలో ముడిపట్టునకు కావలసిన గూళ్లు సుమారు 5,000.

ఈ కారణముననే కంచి పీఠాధిపతులు చంద్రశేఖరేంద్ర సరస్వతీస్వామివారు పట్టు విడువవలసినదిగా బోధించిరి. హైదరాబాదున చేనేతశాఖలో పనిచేసిన కుసుమ రాజయ్యగారు చిలుక వెడలిన గూళ్లనుండి నూలు వడికించి అహింసా పట్టు నేయించిరి. ఆ నూలునకు మెరుగు తక్కువ, శ్రమ యెక్కువ. అదియు సంపూర్ణమైన పరిష్కారము కాదు. వేల యేండ్లు మనుష్యునిచేత పెంపబడిన ఈ చిలుకకు ఎగురుట రాదు, తినుటకు నోరు పనిచేయదు. కొన్ని వందల గ్రుడ్లు పెట్టి కొలది దినములలో మరణించును. ఆ సంతానమునకంతకును ఆకు సమకూర్చువా రెవరు? ఏరీ గూటికి మాత్రము ఒక ప్రక్క స్వభావముచేతనే తెరపి కలదు. దానినుండి దారము తీయుట కుదరదు, వడుకవలసినదే. కావున చిలుకను పోనిచ్చినను నష్టము లేదు.

నేతగాడు నూలు కొనువాడేగాని పురుగును పెంచువాడు కాడు. దోషమును అతనిపై మోపుట న్యాయము కాదు. పట్టును బహిష్కరించినచో మొదట పస్తుండునది అతని కుటుంబమే. అయినను ఎరుగకుండ కొనుట వేరు, ఎరిగి కొనుట వేరు. 1999 నాటి చట్టముక్రింది భౌగోళిక గుర్తు చీర పుట్టిన ఊరును చెప్పును. కేంద్ర పట్టు మండలివారి 'సిల్క్ మార్క్' పట్టు అసలైనదని చెప్పును. గూడు ఏ జాతిదో, చిలుక వెడలినదో లేదో ఈ రెండును చెప్పవు. నేత సహకార సంఘములవారు ఈ రెండు సంగతులను చీటీపై ముద్రించుట కష్టసాధ్యము కాదు. అహింసా నూలునకు అధికముగా చెల్లించువారుందురని తెలిసిన, దానిని నేయుటకు బరంపురపు మగ్గములు వెనుదీయవని మా నమ్మకము. అంచును, రంగును, ధరను గూర్చి గంటలకొలది బేరమాడు మనము పురుగును గూర్చి ఒక్క ప్రశ్న అడుగుట నేర్చుకొనవలసియున్నది.