ఇల్లు ఓనరుదే, లోపలికి రావాలంటే మాత్రం అడగాలి

అల్వాల్‌లో కిరాయి ఇళ్లు చాలావరకు ఒకే తీరుగా ఉంటాయి: పైన ఓనరు, కింద ఒకటో రెండో పోర్షన్లు. కుళాయి కారుతోందని చెబితే మంచి ఓనరు తలుపు కొట్టి, "అమ్మా, ప్లంబర్ వచ్చాడు" అంటారు. కొందరు మాత్రం కిరాయికున్నవాళ్లు డ్యూటీకి వెళ్లాక రెండో తాళంచెవితో తలుపు తీసేస్తారు. అడిగితే "నా ఇల్లే కదా" అంటారు. ఆ మాట చట్టం ముందు నిలవదు.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం, కిరాయి సక్రమంగా కట్టి ఒప్పందానికి కట్టుబడి ఉన్నంతకాలం ఏ ఆటంకమూ లేకుండా ఇంట్లో ఉండే హక్కు కిరాయిదారుది. ఇల్లు ఎలా ఉందో తగిన వేళల్లో వచ్చి చూసుకునే హక్కు ఓనరుకూ అదే సెక్షన్ ఇచ్చింది. కాబట్టి అసలు రావద్దనడం కుదరదు. అయితే తగిన వేళ ఏది, ఎంత ముందుగా చెప్పాలి అన్నది అందులో రాయలేదు. తగాదాలు పుట్టేది అక్కడే.

2021లో కేంద్ర కేబినెట్ ఆమోదించిన నమూనా అద్దె చట్టం దీనికి జవాబిచ్చింది. ఓనరు 24 గంటల ముందు రాతలోనో, మెసేజ్ ద్వారానో చెప్పాలి. సూర్యోదయానికి ముందు, సూర్యాస్తమయం తర్వాత రాకూడదు. అగ్నిప్రమాదం, వరద లాంటి ఆపదలకు మినహాయింపు ఉంది. కానీ అది నమూనా మాత్రమే, రాష్ట్రం చట్టం చేసుకుంటేనే అమలవుతుంది.

అందుకే ఆ నిబంధనను మీ అగ్రిమెంటులోకే తెచ్చుకోండి. మన 11 నెలల స్టాంపు పేపర్లలో అడ్వాన్స్, కరెంటు బిల్లు, పెయింటింగ్ ఖర్చు అన్నీ ఉంటాయి, ఈ సంగతే ఉండదు. ఇలా రాయించండి: "ఆపద సమయంలో తప్ప, ఓనరు 24 గంటల ముందు మెసేజ్ పెట్టి, పగటిపూట, కిరాయిదారు ఇంట్లో ఉన్నప్పుడే లోపలికి రావాలి. ఖాళీ చేసే నెలలో కొత్తవాళ్లకు ఇల్లు చూపించే వేళను ఇద్దరూ మాట్లాడుకుని నిర్ణయించాలి." సంతకాలకు ముందు అడిగితే చాలామంది ఓనర్లు కాదనరు.

అయినా చెప్పకుండా వస్తుంటే, ముందు మర్యాదగా మెసేజ్ పెట్టండి. అది రేపు సాక్ష్యంగా పనికొస్తుంది. బెదిరించడానికో, అవమానించడానికో, వేధించడానికో చొరబడితే అది భారతీయ న్యాయ సంహిత 329వ సెక్షన్ కింద నేరం. ఆ సెక్షన్ చూసేది ఇల్లు ఎవరి స్వాధీనంలో ఉందన్నదే. శిక్ష ఏడాది వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

ఏకంగా తాళం మార్చి బయటికి నెట్టేస్తే, 6 నెలల్లోగా సివిల్ కోర్టులో దావా వేసి ఇంటి స్వాధీనం తిరిగి పొందవచ్చు. ఆ దావాలో "ఓనరుని నేనే" అన్నది జవాబు కాదు.