ఎండితే సాగేది, వేగితే కరకరలాడేది

2025 జూన్‌లో బడి తెరిచిన రెండో వారం. మా ఏడో తరగతి పిల్ల ఒకతె సంచి నిండా తోతాపురి పండ్లు మోసుకొచ్చింది. "తోటలో రాలిపోతా ఉండాయి టీచర్. కోత కూలి కూడా గిట్టదని మా నాయన వదిలేసినాడు" అంది. ఆ ఏడాది తోతాపురి ధర ఎలా పడిపోయిందో ఇటు కృష్ణగిరి వాళ్ళకూ, అటు చిత్తూరు వాళ్ళకూ ఎవరూ చెప్పనక్కరలేదు. తిన్నన్ని తిన్నాం. ఇంకా సగం సంచి మిగిలింది. ఎండబెడదామన్నారు పిల్లలు. వాళ్ళ మనసులో ఉన్నది అంగట్లో ప్యాకెట్లో దొరికే మామిడి చిప్స్. కొరికితే కరకరలాడాలి.

ముక్కలు కోశాం, మిద్దె మీద పరిచాం. రెండు రోజులు ఎండ కాసింది. మూడో రోజు మబ్బు పట్టింది. ముక్క పైన చూస్తే ఎండినట్టే ఉంది. ఇక చాలనుకుని ప్లాస్టిక్ డబ్బాలో పోసి మూత బిగించాం. ఆరో రోజు మూత తీస్తే తెల్లటి బూజు. బాగున్న ముక్కలు ఏరుకుందామని ఒక పిల్లవాడు చెయ్యి పెట్టబోతే ఆపాం. బూజు కంటికి కనబడినంత మేరే ఉండదు, డబ్బా మొత్తం పారెయ్యాల్సిందే. పారేశాం. పండ్లు తెచ్చిన పిల్ల ఆ పూటంతా మాతో మాట్లాడలేదు.

మరుసటి రోజు గేటు దగ్గర ఒక తండ్రి, ఆ పిల్ల తండ్రి కాదులెండి, మమ్మల్ని నిలబెట్టి అడిగారు: "తెలుగు మీడియంలో చేర్చింది ఇందుకేనా టీచర్? పక్క బడిలో పిల్లలు కంప్యూటర్ ముందు కూర్చుంటా ఉండారు." ప్రతి జూన్‌లోనూ చేరికల రిజిస్టరు తెరిచి పేర్లు లెక్కపెట్టుకునే బళ్ళలో ఈ మాట ఎంత బరువో ఈ పేజీ చదివేవాళ్ళకు తెలుసు. మా దగ్గర జవాబు లేదు. పని చెడగొట్టాం కదా, ముందు దాన్ని సరిగ్గా నేర్చుకుందాం అనుకున్నాం.

నేర్పింది ఆ పిల్ల అవ్వే. మా కథంతా విని నవ్వింది. "పండును ఎండబెట్టి కరకరలాడించేది ఎవురి తరం? కాయను ఒరుగు చెయ్యి. పండును తాండ్ర పొయ్యి. అరటికాయను నూనెలో వెయ్యి" అంది. మూడే మాటలు. కొత్తగా మొదలుపెట్టే ఎవరికైనా ఇంతకన్నా మంచి పాఠం లేదు. దాని వెనక ఉన్న శాస్త్రం మాత్రం మేమే పిల్లలకు విడమరిచి చెప్పాల్సి వచ్చింది.

కాయలో పిండి పదార్థం ఎక్కువ. మాగే కొద్దీ అది చక్కెర అవుతుంది. చక్కెర నీటిని పట్టుకుని ఉంటుంది, తొందరగా వదలదు. వదిలినా గాలిలోని తేమను మళ్ళీ లాక్కుంటుంది. అందుకే మాగిన మామిడి, అరటి, సపోటా ఎండలో ఎంత ఎండినా తోలులా సాగుతాయి తప్ప విరగవు. అది తప్పు కాదు, వాటి గుణమే అంత. అంగడి ప్యాకెట్లో కరకరలాడే మామిడి ముక్క గాలి తీసేసిన యంత్రంలో వేయించిందో, గడ్డకట్టించి ఎండబెట్టిందో అయి ఉంటుంది. ఇంటి మిద్దె మీద అది రాదు. పచ్చి అరటికాయలోనూ, మాగని పనస తొనలోనూ పిండి ఎక్కువ కాబట్టి పలచగా కోసి నూనెలో వేస్తే కరకరలాడతాయి. ఏ కాయ ఎటు పోతుందో తెలిస్తే సగం పని అయినట్టే.

ఈసారి మార్చిలో మొదలుపెట్టాం. మా హోసూరు వైపు మార్చి ఎండలో పొడితనం ఉంటుంది. జూన్ ఎండను నమ్మకూడదని పోయిన ఏడే తెలిసింది. పండ్లు దండిగా దిగే నెలలూ ఎండ నిలిచే నెలలూ ఒకటి కావు, ఈ పనిలో ఉన్న అసలు చిక్కు అదే. మార్చిలో మామిడిపండు లేదు కాబట్టి ఏలక్కి అరటిపండ్లతోనూ, మామిడి పచ్చికాయలతోనూ చేశాం.

అరటిపండు మాగి ఉండాలి, తొక్క నల్లబడి ఉండకూడదు. ఒలిచి నిలువుగా రెండు చీలికలు చేసి, నిమ్మరసం కలిపిన నీళ్ళలో అయిదు నిమిషాలు ఉంచి తీస్తే మరీ నల్లబడవు. కొంచెం ఎరుపు తిరుగుతాయి, దానికి భయపడక్కరలేదు. ఒకదానికొకటి తగలకుండా పరిచి, పైన దోమతెర గుడ్డ కప్పి నాలుగు మూలలా రాళ్ళు పెట్టాలి. పొద్దు వాలేసరికి లోపలికి తెచ్చెయ్యాలి. మంచు పడితే పగలంతా ఆరింది రాత్రి తిరిగి తడుస్తుంది. మధ్యాహ్నం ఒకసారి తిరగెయ్యాలి. గట్టి ఎండైతే మూడు నాలుగు రోజులు పడుతుంది.

ఎండిందని ఎలా తెలుస్తుంది? పోయినసారి మమ్మల్ని ముంచింది ఇదే. కళ్ళను నమ్మకండి, తూకాన్ని నమ్మండి. ఒలిచిన అరటిపండులో మూడు వంతులు నీరే. కిలో పెడితే గట్టి పదార్థం 250 గ్రాములు. కొద్దిపాటి తేమ మిగిలినా చివరికి 300 గ్రాముల దగ్గర ఆగాలి. రోజూ సాయంత్రం తూచి రాయమని పిల్లలకు చెప్పాం. మొదటి రోజు తూకం బాగా పడిపోయింది, రెండో రోజు తక్కువ, మూడో రోజు ఇంకా తక్కువ. గ్రాఫు కాగితం మీద ఆ గీత కిందికి దిగి అడ్డంగా పడుకోవడం వాళ్ళే చూశారు. శాతాలు అన్న పాఠం మేము మూడు వారాలు చెప్పినా పట్టని పిల్లవాడొకడు "టీచర్, ఇంకా నలభై శాతం నీరు ఉండాది, డబ్బాలో పెడితే మళ్ళీ బూజే" అన్నాడు.

తూకం నిలిచాక కూడా ఇంకో వారం కాపలా కాయాలి. గాజు సీసాలో మూడింట రెండు వంతులే నింపి, మూత పెట్టి, రోజూ ఒకసారి కుదపాలి. ఒక ముక్కలో మిగిలిన తేమ మిగతావాటికి సర్దుకుంటుంది. సీసా లోపల గోడకు చెమ్మ కనబడితే వెంటనే మళ్ళీ ఎండకు. ఈ ఒక్క అలవాటు జూన్‌లో మాకు ఉండి ఉంటే ఆ డబ్బా పారేసేవాళ్ళం కాదు.

ఒరుగులకు టెంక కట్టిన పచ్చి తోతాపురి మేలు. చెక్కు తీసి వేలెడు పొడవున, అర సెంటీమీటరు మందాన కోసి, కిలో ముక్కలకు రెండు పెద్ద చెంచాల ఉప్పు, అర చెంచా పసుపు పట్టించి రాత్రంతా మూసి ఉంచాలి. పొద్దున్నే ఊరిన నీరు వంచి ఎండబెట్టాలి. నాలుగైదు రోజులకు వంచితే టక్కున విరుగుతుంది. పులుసులోకి, పప్పులోకి ఏడాదంతా పనికొస్తుంది. పిల్లలు మాత్రం కొంచెం కారం అద్ది ఊరికే తినేశారు.

ఇక్కడ ఒక మాట. మా పిల్లల్లో సగం మందికి దీని పేరు 'మాంగాయ్ వత్తల్' అనే తెలుసు. ఇంట్లో తెలుగే మాట్లాడతారు, కానీ ఒరుగు అన్న మాట వినలేదు. అవ్వ దగ్గర కూర్చుని మాటలు రాసుకున్నారు: ఒరుగు, తాండ్ర, చెక్కు, టెంక, వగరు, పీచు. వరుగు అనీ రాస్తారని నిఘంటువు చూసి తెలుసుకున్నారు. వత్తల్‌ను కొట్టేయలేదు, పక్కన రాసుకున్నారు. రెండూ వాళ్ళవే.

కరకరలాడేదాన్ని బడిలో చేయించలేదు. మరిగే నూనె దగ్గరికి పిల్లల్ని రానివ్వం. పద్ధతి రాసిచ్చి ఇంటికి పంపాం, పెద్దవాళ్ళు వేయిస్తే పిల్లలు చూసి రావాలి. నేంద్రం అరటికాయను ఒలిచి, రెండు మిల్లీమీటర్లకు మించకుండా చక్రాలు కోసి, తడి తుడిచి, కాగిన నూనెలో కొద్దికొద్దిగా వెయ్యాలి. బుడగలు వస్తున్నంతసేపూ లోపలి నీరు ఆవిరై పోతోందని అర్థం. బుడగలు సద్దుమణిగి, గలగల శబ్దం వచ్చినప్పుడు తీసెయ్యాలి. పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టాలి, వేడి మీద మూత పెడితే మెత్తబడిపోతాయి.

యానాం, ఒడిశా తీరం వాళ్ళకు గాలిలోనే తేమ కాబట్టి ముక్క ఇంకా పలచగా ఉండాలి, రోజులూ ఎక్కువ పడతాయి. తాండ్ర సంగతి మాత్రం ఆత్రేయపురం పక్కనున్న వాళ్ళకు మేము చెప్పడం తాతకు దగ్గులు నేర్పినట్టే. మహారాష్ట్రలో ఉన్నవాళ్ళు సపోటా ప్రయత్నించవచ్చు. అక్కడి డహాణు ఘోల్వడ్ సపోటాకు 2016లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. గట్టిగా ఉన్న మాగిన పండే తీసుకోండి, మాగనిది ఎండినా వగరు పోదు.

నీరు పోయాక మిగిలేది చక్కెరే కాబట్టి ఎండిన పండు రెండు మూడు ముక్కలకు మించి పెట్టకండి. పళ్ళకు అంటుకుంటుంది, తిన్నాక నోరు పుక్కిలించమనండి. ఇంకొకటి, ఇదంతా రైతు నష్టాన్ని పూడ్చేది కాదు. టన్నులకొద్దీ రాలే తోటకు మా సీసాలు ఏ మూలకు?

గేటు దగ్గర అడిగిన తండ్రి మొన్న ఏప్రిల్‌లో తన కొడుకు గ్రాఫు కాగితం పట్టుకుని వచ్చారు. "ఈ గీత ఇక్కడ ఎందుకు ఆగింది టీచర్? వాడు చెప్తే నాకు పూర్తిగా అర్థం కాలేదు" అన్నారు. కూర్చోబెట్టి చెప్పాం. తమ్ముణ్ణి ఎక్కడ చేరుస్తారో మేము అడగలేదు, ఆయనా చెప్పలేదు.

తోతాపురి దిగాక తాండ్ర పోయిస్తానని అవ్వ మాట ఇచ్చింది. పొర ఆరాకే పొర, తొందరపడితే ఊరుకోనని ముందే హెచ్చరించింది. ఈత చాప ఆమే తెస్తుందట. జూన్‌లో నాలుగు రోజులు వరసగా ఎండ కాస్తే చాలు.