పుస్తకం పేరు పక్కన ఒక మాట

బదిలీ ఉత్తర్వు రాగానే మన ఇళ్లలో మొదట చర్చకు వచ్చేవి పుస్తకాలే. మంచాలు, బీరువా, గ్యాస్ పొయ్యి ఎలాగూ తప్పవు. పుస్తకాల అట్టపెట్టెల దగ్గరకు వచ్చేసరికి మాత్రం "ఇన్ని ఎందుకు, ఎవరికైనా ఇచ్చేద్దాం" అనే మాట ఇంట్లో ఎవరో ఒకరి నోట వినిపిస్తుంది. అన్నవాళ్ల తప్పు కూడా కాదు. లారీవాడు బరువు చూస్తాడు, కొత్త ఊళ్లో క్వార్టర్స్ ఎంత ఉంటుందో తెలియదు.

మూడేళ్లకో ఊరు మారే కుటుంబం పెద్ద గ్రంథాలయం పోగుచేసుకోవడం కష్టమే. కానీ బరువు లేనిది, ఎందరికి ఇచ్చినా తరగనిది ఒకటుంది. అది మనం చదివి ఇష్టపడిన పుస్తకాల జాబితా. అయితే ఆ జాబితాను ఎలా రాస్తున్నామన్నదాన్ని బట్టే, అందుకున్నవారు చదువుతారా, చూసి పక్కన పెట్టేస్తారా అన్నది తేలుతుంది.

వివరం లేని పద్దు

"జీవితంలో తప్పక చదవాల్సిన వంద పుస్తకాలు" అంటూ వాట్సాప్‌లో వచ్చే సందేశాలు మనందరికీ తెలుసు. వాటిని దాచుకుంటాం, నలుగురికి పంపుతాం. వాటిలో ఒక్కటి కూడా తెచ్చుకుని చదవం. పుస్తకాలు మంచివి కాక కాదు. వందలో నాకు పనికొచ్చేది ఏదో, ఎక్కడ మొదలుపెట్టాలో ఆ జాబితా చెప్పదు.

బ్యాంకు ఇళ్లలో పెరిగినవారికి ఇది సులభంగానే అర్థమవుతుంది. లెడ్జరులో తేదీ ఉండి, మొత్తం ఉండి, 'వివరం' గడి ఖాళీగా ఉంటే ఆ పద్దు ఎవరికి అర్థమవుతుంది? ఆడిట్‌కు వచ్చినవారు మొదట వేలు పెట్టేది అక్కడే. పుస్తకాల జాబితా కూడా అంతే. పుస్తకం పేరు, రచయిత పేరు రాస్తే సగం పనే అయినట్టు. ఎవరికి, ఎప్పుడు, ఎందుకు అన్న ఒక్క వాక్యం పక్కన చేరితేనే అది మరొకరి చేత చదివిస్తుంది.

గణితం బోధిస్తూ 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయ బాధ్యతలు చేపట్టిన ఎస్.ఆర్. రంగనాథన్, 1931లో గ్రంథాలయ శాస్త్రానికి ఐదు సూత్రాలు ప్రకటించారు. వాటిలో రెండింటి సారాంశం ఇది: చదివే ప్రతి మనిషికీ తగిన పుస్తకం ఒకటి ఉంటుంది, ప్రతి పుస్తకానికీ తగిన పాఠకుడు ఒకడుంటాడు. ఆ ఇద్దరినీ కలపడమే గ్రంథాలయం పని. ఇంట్లో రాసుకునే జాబితా కూడా చిన్న ఎత్తున చేసేది అదే.

ఈ పనిని తెలుగులో ఎంతో అందంగా చేసి చూపించినవారు మాలతీ చందూర్. 'స్వాతి' మాసపత్రికలో 'పాత కెరటాలు' శీర్షిక కింద ఆమె ఆంగ్ల నవలలనూ ప్రపంచ నవలలనూ తెలుగువారికి పరిచయం చేశారు. ఫలానా నవల గొప్పది అని చెప్పి ఊరుకోలేదు. కథ ఏమిటో, అందులోని మనుషులు ఎలాంటివారో ఎదురుగా కూర్చుని చెప్పినట్టు రాశారు. ఆ పరిచయాలు తరువాత 'నవలా మంజరి' పేరుతో సంపుటాలుగా వచ్చాయి.

నా జాబితాలోంచి ఆరు

మాటలకన్నా ఉదాహరణ నయం కాబట్టి, నేను నలుగురికీ చెప్పే పుస్తకాల్లో ఆరింటిని వాటి 'వివరం'తో సహా ఇక్కడ ఇస్తున్నాను.

బుడుగు, ముళ్లపూడి వెంకటరమణ. తెలుగు గడగడా మాట్లాడుతూ అక్షరాలు మాత్రం కూడబలుక్కునే పిల్లలకు. పెద్దవాళ్లు పైకి చదివి వినిపించాలి. ఇది పిల్లాడు మాట్లాడినట్టే ఉంటుంది కాబట్టి వినేవారికి అడ్డు తగలదు. బాపు బొమ్మలు చూపించడం మరవకండి.

బారిస్టర్ పార్వతీశం, మొక్కపాటి నరసింహశాస్త్రి. ఉద్యోగంలో చేరి మొదటిసారి ఊరు దాటుతున్న అబ్బాయికీ అమ్మాయికీ. మొగల్తూరు నుంచి ఇంగ్లండు బయలుదేరిన పార్వతీశానికి రైలు, నగరం, ఓడ, భోజనం అన్నీ కొత్తే. తెలియనితనం సిగ్గుపడాల్సిన విషయం కాదని నవ్విస్తూనే చెబుతుంది. మొదటి భాగం 1924లో వచ్చింది. ముందు ఆ ఒక్క భాగం చదివితే చాలు, మిగిలినవి మీరే వెతుక్కుంటారు.

అమరావతి కథలు, సత్యం శంకరమంచి. "నాకు టైము లేదు" అనేవారికి. నూరు చిన్న కథలు. రాత్రి పడుకునే ముందు ఒకటి చదవవచ్చు. హిందీ ప్రాంతంలో ఉన్నవారు పక్కింటివారితో కూడా ఈ ముచ్చట కలపవచ్చు. శ్యామ్ బెనెగల్ వీటిలో కొన్నింటిని దూరదర్శన్ కోసం హిందీలో తీశారు.

చిల్లర దేవుళ్లు, దాశరథి రంగాచార్య. తెలంగాణ పల్లె శాఖకు బదిలీ అయినవారికీ, తాతల కాలం ఎలా ఉండేదో తెలుసుకోవాలనుకునే తెలంగాణ పిల్లలకూ. నిజాం కాలం నాటి గ్రామం, దొరల పెత్తనం, దాని కింద నలిగిన మనుషులు. నవ్వుకుంటూ చదివే పుస్తకం కాదని ముందే చెప్పి ఇవ్వాలి.

వనవాసి, బిభూతిభూషణ్ బందోపాధ్యాయ. బెంగాలీ నవల 'ఆరణ్యక్'కు సూరంపూడి సీతారాం తెలుగు అనువాదం. ఇష్టంలేని చోటికి బదిలీ అయి, ఎప్పుడు వెనక్కి వెళ్దామా అని రోజులు లెక్కపెట్టేవారికి. కలకత్తా నుంచి బీహార్ అడవుల్లోని ఒక ఎస్టేటు ఉద్యోగానికి వెళ్లిన యువకుడు మొదట విసిగిపోతాడు. తరువాత ఆ అడవిని ప్రేమిస్తాడు. ఆ అడవి భూములను రైతులకు పంచడమే అతని ఉద్యోగం కాబట్టి, అది కరిగిపోవడానికి తన చేతులే కారణమవుతాయి. ఉద్యోగం చేసేవారికి ఈ బాధ ఎంతో దగ్గరగా తోస్తుంది.

విముక్త, ఓల్గా. తల్లీ, పెద్దదైన కూతురూ చెరొకసారి చదివి మాట్లాడుకోవడానికి. రామాయణంలోని సీత, శూర్పణఖ, అహల్య, రేణుక, ఊర్మిళ ఈ కథల్లో తమ మాట తాము చెప్పుకుంటారు. 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఇద్దరికీ ఒకే అభిప్రాయం కలగకపోతే ఇంకా మంచిది.

మీ జాబితా ఎలా రాయాలి

పైవాటిలో ఏదీ "అందరూ చదవాల్సినది" అని లేదని గమనించే ఉంటారు. ప్రతిదాని వెనుకా ఒక మనిషి ఉన్నాడు. మీరు రాసేటప్పుడు కూడా మొదట మనిషిని తలుచుకోండి, తరువాత పుస్తకాన్ని. రిటైరై ఏం తోచని బాబాయి, ప్రసవానికి పుట్టింటికి వచ్చిన మరదలు, పరీక్ష తప్పిన మేనల్లుడు. వీరిలో ఒక్కొక్కరికి ఒక్కటే చెప్పండి. పది చెబితే పదీ వాయిదా పడతాయి.

గొప్ప పుస్తకాలే రాయాలన్న నియమం పెట్టుకోవద్దు. చిన్నప్పుడు చదివిన చందమామ సంపుటమైనా, వంటల పుస్తకమైనా, డిటెక్టివ్ నవలైనా మీకు నిజంగా ఇష్టమైతే చోటివ్వండి. పరువు కోసం రాసిన పేరు ఇట్టే తెలిసిపోతుంది. దాని గురించి అడిగితే మన దగ్గర రెండో మాట ఉండదు.

కష్టాన్ని దాచవద్దు. "మొదటి యాభై పేజీలు మెల్లగా నడుస్తాయి, ఓపిక పట్టు" అని రాస్తే చదివేవారు మధ్యలో వదలరు. దొరికే చోటు తెలిస్తే అది కూడా రాయండి. అచ్చులో లేని పుస్తకం పేరు చెప్పి ఊరించడం కన్నా, మన ప్రతి అరువిస్తామని చెప్పడం మేలు.

ఇచ్చాక "అయిందా? ఎంతవరకు వచ్చింది?" అని వెంటపడవద్దు. అది వాయిదా వసూలులా మారిపోతుంది. బదులుగా "నీకు నచ్చినదొకటి నాకు చెప్పు" అని అడగండి. వారు చెప్పినదాన్ని మీరు చదివితే, మీరు చెప్పినదాన్ని వారు తప్పకుండా తీస్తారు.

పుస్తకమే మనిషి దగ్గరకు

ఈ అలవాటు తెలుగువారికి కొత్త కాదు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం వెలిసింది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. దాని వెనుక ఉన్న అయ్యంకి వెంకటరమణయ్య తన జీవితమంతా గ్రంథాలయాలకే ధారపోశారు. 1935లో పాతూరి నాగభూషణం గుంటూరు జిల్లాలో పడవ మీద గ్రంథాలయం నడిపారు. కాలువ వెంట పుస్తకాలు పల్లెలకు చేరాయి. వంటపని చేసుకుంటూ చదువుకున్న వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి, పుస్తకాలు తానే మోసుకుంటూ తిరిగి అమ్మారు. పాఠకుడు వచ్చేదాకా ఆగకుండా పుస్తకాన్నే అతని దగ్గరకు తీసుకువెళ్లారు వీరంతా.

వారి కృషి మన ఇంటి రశీదులో ఈనాటికీ కనిపిస్తుంది. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం ఇంటిపన్నుతో కలిపి గ్రంథాలయ పన్నును నిర్ణయించింది. అంటే ఊళ్లోని శాఖా గ్రంథాలయానికి మనం డబ్బు కడుతూనే ఉన్నాం. ఒకసారి వెళ్లి సభ్యత్వం తీసుకుంటే, జాబితాలోని పుస్తకాలు కొన్నయినా కొనకుండానే దొరుకుతాయి.

అరువు ఖాతా

పరుల చేతికి వెళ్లిన పుస్తకం తిరిగి రాదని మన పెద్దలు ఏనాడో తేల్చేశారు. అయినా ఇవ్వక తప్పదు. దానికో చిన్న ఖాతా పెట్టుకుంటే స్నేహం చెడదు. ఒక నోటుపుస్తకంలో పుస్తకం పేరు, తీసుకున్నవారి పేరు, తేదీ వారి చేతే రాయించండి. తన చేత్తో రాసినవారు మరిచిపోవడం తక్కువ. రెండు నెలలకు ఒకసారి మర్యాదగా గుర్తుచేయండి. ఏడాది దాటితే రాని బాకీ కింద కొట్టేసి, ఆ పుస్తకం అక్కడైనా ఎవరో ఒకరు చదువుతున్నారనుకోండి.

తండ్రి సంతకం ఉన్నదీ, మళ్లీ దొరకనిదీ మాత్రం ఇల్లు దాటించవద్దు. "ఇది ఇక్కడే కూర్చుని చదవండి" అనడంలో తప్పులేదు. కాఫీ ఇస్తే ఇంకా సంతోషంగా చదువుతారు.

పిల్లలకు అందేదెలా

ఇవన్నీ ఇప్పుడే ఎందుకు చేయాలంటే, కారణం మన పిల్లలు. లక్నోలోనో, భువనేశ్వర్‌లోనో, పుణెలోనో పెరుగుతున్న మన పిల్లలు అమ్మమ్మతో ఫోనులో చక్కగా తెలుగు మాట్లాడతారు. అదే అమ్మమ్మ అలమరలోని పుస్తకం తెరిస్తే ఒక్క వాక్యం దాటలేరు. ఈ తరం గడిస్తే ఆ అలమరలో ఏముందో ఇంట్లో ఎవరికీ తెలియదు. అప్పుడు పాత కాగితాలవాడు కిలోల లెక్కన తూచుకుని పోతాడు. అందులోని కథలు, ఆ ఇంటివాళ్లు వాటిని ఎందుకు దాచుకున్నారన్న సంగతి, రెండూ దానితోపాటే వెళ్లిపోతాయి.

దీనికి తిట్లు, బలవంతపు కాపీరాతలు మందు కాదు. రాత్రి భోజనాలయ్యాక పావుగంట ఒకరు పైకి చదవడం చాలు. అమ్మమ్మ దూరాన ఉంటే కథను తన గొంతుతో రికార్డు చేసి పంపవచ్చు. కళ్లు మసకబారిన పెద్దవాళ్లకు మనవలు చదివి వినిపించే రోజు దానంతట అదే వస్తుంది. పిల్లల చేత కూడా జాబితా రాయించండి. అది ఇంగ్లీషులో ఉన్నా, అందులో బొమ్మల పుస్తకాలే ఉన్నా సరే. అందులో ఒకదాన్ని మనం నిజంగా చదివి, నచ్చిందో లేదో చెప్పాలి. అమ్మా నాన్నా తన పుస్తకం చదివారని తెలిసిన పిల్లాడు, వాళ్ల పుస్తకం ఏమిటో చూడకుండా ఉండలేడు.

ఈ ఆదివారం ఒక తెల్లకాగితం తీసుకుని మూడు గడులు గీయండి. మొదటి గడిలో పుస్తకం, రెండో గడిలో రచయిత, వెడల్పుగా ఉంచిన మూడో గడిలో ఎవరికి, ఎందుకు అన్నది. ఐదు పేర్లు చాలు. ఒక నకలు తీసి పిల్లల పుస్తకాల మధ్య పెట్టండి. ఇంకొకటి తరువాతి బదిలీలో క్వార్టర్స్ ఖాళీ చేసేటప్పుడు, మీరు మోసుకెళ్లలేని నాలుగు పుస్తకాలతో కలిపి, కొత్తగా దిగబోయే కుటుంబం కోసం అలమరలో వదిలి వెళ్లండి.